కురుమూర్తి ముందే రాసిన ఇంటర్వ్యూ

అయిజ విలేకరి కురుమూర్తి అంటే ఏమనుకున్నరు! రేపు జరగాల్సిన సభను ఇయ్యాలనే ఘనంగ జరిపించేస్తడు. లీడరు ఇంకా స్నానం గూడ చెయ్యకముందే, కురుమూర్తి వార్తల ఆయన ప్రసంగం అయిపోయి జనం చప్పట్లు కొట్టేస్తరు. తప్పంటరా? పేపరోళ్లు సాయంత్రం ఐదుకల్ల వార్త పంపమంటరు, లీడరేమో ఏడు దాటితే గాని రాడు. మరి నడుమ కురుమూర్తి ఏం గావాలె? ఏండ్ల సంది గిట్లనే నెట్టుకొస్తున్నడు. ఒక్కసారి మల్దకల్ గుడి కాడ వానొచ్చి అన్నదానం ఆగిపోయింది గాని, పేపర్ల మాత్రం భక్తులు కడుపునిండ తిన్నరు. దాన్ని గూడ ఎవ్వరూ పట్టించుకోలే.

గసొంటి మనిషి నెత్తిన ఆదివారం పేజీ పడ్డది. గద్వాల జమ్ములమ్మతోని పెద్ద ఇంటర్వ్యూ కావాలన్నరు. జమ్ములమ్మ అంటే ఆషామాషీ మనిషి గాదు. మగ్గం నేసే ఇంట్ల పుట్టి, ఎనిమిది నవలలు రాసి, ఢిల్లీ దాక పోయి శాలువా కప్పించుకొచ్చిన రచయిత్రి. పేపరోళ్లంటే ఆమెకు గిట్టదు. బతిమాలంగ బతిమాలంగ "శుక్రవారం రా" అన్నది. పేజీ చూసే మహేందరేమో "గురువారం మధ్యాహ్నంకల్ల పంపకుంటే నీ విలేకరి కార్డు గుంజుకుంట, ఈసారి ఉత్తగ అంటలేను" అన్నడు. ఆ కార్డు పోతే అయిజల కురుమూర్తిని పలకరించే దిక్కు లేదు.

కురుమూర్తి జర గూడ పరేషాన్ గాలే. గురువారం పొద్దుగాల హోటల్ల ఉగ్గాని తింటనే ప్రశ్నలు తనే అడిగి, ఆమె జవాబులు గూడ తనే చెప్పి, ఫోన్ల పంపించేసిండు. మగ్గం కాడ మా అమ్మ చెప్పిన కథలే నా తొలి బడి అన్నడు. తుంగభద్ర ఒడ్డున కూసుంటే తప్ప నాకు రాత రాదన్నడు. ఊపు మీదున్నడేమో, "దసరాకు నా కొత్త నవల వస్తుంది" అని గూడ చెప్పించిండు. శుక్రవారం పోయి, గివే మాటలు ఆమె నోటెంట తెప్పిస్తే అయిపాయె!

శుక్రవారం పోయి కూసున్నడు. "అమ్మా, మీ అమ్మ మగ్గం కాడ మీకు కథలు చెప్పేది గదా?"

"కథలా! మా అమ్మ నోరు తెరిస్తే తిట్లే. పోగు తెగితే మగ్గంల ఆడే నాడెతోని నెత్తి మీద ఒక్కటిచ్చేది."

"తిట్ల నడుమ ఒక్క కథన్న చెప్పలేదా అమ్మా? చిన్నదైనా సరే?"

"లేదంటుంటే! నీకేంది గంత ఆరాటం?"

"పోనీ, నది ఒడ్డున కూసోని..."

"నీళ్లంటే నాకు బుగులు. వంటింట్ల పీట మీద కూసోని రాస్త. కుక్కరు కూత పెడితే లేస్త."

బయటికొచ్చి మహేందర్‌కు ఫోన్ కొట్టిండు. "అన్నా, రెండు ముక్కలు మార్చాలె." "పేజీ అచ్చుకు పోయింది, ఇగ దేవునికి చెప్పుకో" అని పెట్టేసిండు మహేందర్.

ఇంకేం జేస్తడు? శనివారం "ఇంకొన్ని ప్రశ్నలున్నయమ్మా" అనుకుంట మళ్ల పోయిండు. పేపర్ల పడ్డ మాట నిజమయ్యేటట్టు, ఎట్లన్న చేసి ఆమెను నది ఒడ్డుకు చేర్చాలని చూసిండు. ఆమె ఎల్లిగడ్డలు ముందల పెట్టి "ఒలుసుకుంట అడుగు" అన్నది. ఒలుస్తుంటే అడిగేది తిరగబడ్డది. ఆమెనే అడగబట్టింది. ఏ ఊరు, ఇంట్ల ఎవరెవరు, వార్తలెట్ల రాస్తవు అని. మల్దకల్ అన్నదానం ముచ్చట నోరు జారి చెప్పేసిండు. జమ్ములమ్మ దగ్గొచ్చేదాక నవ్వింది, కొంగుతోని కండ్లు తుడుచుకుని మళ్ల నవ్వింది. జొన్నరొట్టె పెట్టి "ఇంకోటి చెప్పు" అన్నది. కురుమూర్తి బతుకుల ఆయన పనిని గంత ఇష్టంగ విన్నోళ్లు లేరు. ఇంటికి పోతుంటే కార్డు యాదికే రాలే. పొద్దున పేపరొచ్చినంక ఈమెకు మొఖం ఎట్ల చూపియ్యాలె అనే బుగులే పట్టుకున్నది.

ఆదివారం తెల్లారంగనే ఉరికిండు, వాకిట్ల పడ్డ పేపరును దాచేద్దామని. ఏం లాభం? జమ్ములమ్మ అద్దాలు పెట్టుకొని చదువుతనే ఉన్నది.

"ఇది చదివితే పైనున్న మా అమ్మ దిగొచ్చి మళ్ల నాడెతోని కొడ్తది!"

కురుమూర్తి గుమ్మంలనే ఆగిపోయిండు. ఇంతల ఆమె ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి పుస్తకాలేసే ఆయన. "దసరాకు కొత్త నవలంట గదమ్మా! మాకు చెప్పనే లేదు?" ఆమె కురుమూర్తి దిక్కు చూసింది. "మళ్ల చేస్త" అని పెట్టేసింది.

"నవల సంగతి నన్నెప్పుడడిగినవ్?"

"అడగలేదమ్మా. అన్నీ ముందే రాసి పంపిన. తప్పు నాదే. మహేందరన్న నంబరిస్త, చెప్పండి. నా కార్డు తీసుకుంటరు, తీసుకోనీ."

జమ్ములమ్మ పేపరు మీద చెయ్యి పెట్టి కూసున్నది. "మా ఆయన పోయినంక ఒక్క ముక్క రాయలే. వచ్చినోళ్లందరు పాత పుస్తకాలే అడుగుతరు, బతికున్న మనిషికి తద్దినం పెట్టినట్టు. నేను ఇంకా రాస్తనని అనుకున్నోనివి నువ్వొక్కనివే. అది గూడ నన్ను అడగకుండ, దొంగనాయాలా!" నవ్వుతనే ఉన్నది, కండ్ల నీళ్లు కారుతనే ఉన్నయ్. "ఇటొచ్చి కూసో. ఇప్పుడడుగు."

"ఏమని అమ్మా?"

"ఏం రాస్తున్నవని."

కురుమూర్తి ఎదురుగ కూసున్నడు. గొంతు సవరించుకున్నడు. జవాబు తెల్వకుండ ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే. "ఏం రాస్తున్నరమ్మా?"

ఆమె పైకి చూసింది, వంటింటి దిక్కు చూసింది, మళ్ల ఆయన దిక్కు చూసింది.

"తెల్వదు కొడుకా. రేపు పొద్దుగాల వచ్చి మళ్ల అడుగు."