కర్ఫ్యూలో గోడకంటించిన పావురాలు

మా చిన్నప్పుడు... హుస్సేనీ ఆలంలో కర్ఫ్యూ పెట్టారంటే గల్లీలో తిరిగే హక్కు పావురాలకే ఉండేది. ఇంట్లో కూర్చుని నేను వాటినే అచ్చు తీసేదాన్ని...

బడిలో డ్రాయింగ్ టీచరమ్మ నేర్పిన పని. పాత కిటికీ అద్దానికి సబ్బు రుద్ది, ఆరాక నీటిరంగు పూయాలి. క్రేయాన్‌తో పావురాలు గీసిన కాగితాన్ని తడిపి, రంగు మీద పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దాలి. మెల్లగా లేపితే మైనం గీతలు అట్లాగే ఉండి, చుట్టూ ఎర్రటి ఆకాశం పాకేది...

కాగితాలు కొనిచ్చేదెవరు? మా బాపు పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర యూనియనోళ్లు పంచిన కరపత్రాలే దిక్కు. వాటిని చదివి చదివి లోకం మీద మండిపడే వయసు నాది. ఒకవైపు వాళ్ల రాతలు, తెల్లటి వెనకవైపు నా పావురాలు. ముడతలు పడకుండా ఆరాలని రాతలవైపు లోపలికి పెట్టి గోడకు అంటించేదాన్ని.

ఆ మధ్యాహ్నం బూట్ల చప్పుడు మా తలుపు దగ్గర ఆగింది. పక్క గల్లీలో కరపత్రాలు దొరికిన ఇంటి మగవాళ్లను జీపెక్కించారని పొద్దున్నే విన్నాం... వాళ్లింకా ఇంటికి రాలేదు.

లోపలికొచ్చిన పోలీసు జమేదారు నా ఎర్రటి చేతులు చూశాడు.

"ఏందిది? ఇంట్ల ఛాపా మెషిన్ పెట్టి కాయితాలు అచ్చేస్తున్రా?"

"చిన్నపిల్ల సాబ్... బొమ్మలేస్తది," అన్నాడు బాపు. ఆ గొంతు ఆయనది కాదు.

"బొమ్మలేసుడు గూడ నేరమా?" నా నోరు ఊరుకోలేదు.

అతను నావైపు చూడలేదు. గోడ దగ్గరికి పోయి, ఒక కాగితం మూలను గోటితో లేపాడు. కింద నల్లటి అక్షరాలు నాకు కనబడ్డాయి... నా కోపమంతా ఎటో పోయింది.

అతను వంగి చూసేలోపే, నేల తుడిచే తడిగుడ్డతో అమ్మ వచ్చింది. వస్తూనే నా చెంప మీద ఒక్కటి వేసింది.

"గోడంత ఖరాబ్ చేసినవ్ గదనే. సున్నం మీ తాతొచ్చి ఏస్తడా? జర జరుగుర్రి సాబ్, మీ బట్టలకు రంగంటుతది."

అంటూనే కాగితాలన్నిటినీ గుడ్డతో రుద్దేసింది. పావురాలు, అక్షరాలు కలిసి ముద్దయి రాలాయి...

జమేదారు వెనక్కి జరిగి తన ఖాకీ చూసుకున్నాడు. "పోరికి నోరు మస్తున్నది. జర అదుపుల పెట్టుకోర్రి," అని పక్కింటికి వెళ్లాడు.

గడియ పడగానే "నా బొమ్మలన్నీ..." అని అమ్మ మీదికి ఎగిరాను. అమ్మ కూలబడి, బాపు చొక్కా అంచును పిడికిట్లో పట్టుకుంది... ఎంతసేపటికీ వదల్లేదు.

అమ్మకు చదువు రాదు. అయినా ఆ కాగితాల వెనక ఏముందో ఆమెకెట్లా తెలుసో నేనెప్పుడూ అడగలేదు...

ఇప్పుడు మన కోపమంతా ఫోను మీద బొటనవేలితోనే తీరిపోతోంది. అప్పట్లో మనం కోపగించుకుంటే, మన బదులు ఇంట్లో ఇంకెవరో భయపడేవారు... మీ బదులు అట్లా భయపడ్డది ఎవరు? ఇక్కడ ఒక్క మాట రాసి పోండి...