గొలుసు వేసిన డిస్కు

ఫోటో స్టూడియో నడిపే ఆయన్ని వీధిలో అందరూ తాళంకప్ప అంటారు. ఎదురుగా కాదు లెండి. షట్టర్ దించి నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తాడు. మలుపు దాకా వెళ్లి మళ్లీ వస్తాడు. తన నీడనైనా “ఎవరు నువ్వు?” అని నిలదీసే రకం. అలాగని చెడ్డవాడు కాదు. ఉద్యోగానికి ఫోటో కావాలని వచ్చినవాడి చొక్కా మాసి ఉంటే, తన చొక్కా విప్పి తొడిగించి మరీ తీస్తాడు. భగవంతుడు ఆ చేతికి అంత మెత్తదనం ఇచ్చి, కంటికి మాత్రం అనుమానం కాస్త ఎక్కువ పోశాడు.

అన్న పోయాక వదినకు స్టూడియోలో పని ఇచ్చిందీ ఆయనే. ఫోటోల్లో ముఖాల మీద మచ్చలు తీయడం, వెలుతురు సరిచేయడం ఆమె పని. ఆ జీతంతోనే ఆమె ఇల్లు గడుస్తుంది.

ఫోటోలన్నీ కంప్యూటర్లో ఉంటాయి. వాటి నకలు దాచడానికి చిన్న డిస్కు ఒకటి కొన్నాడు. “పని అయ్యాక ఊడదీసి ఇంట్లో బీరువాలో పెట్టుకోండి” అని అమ్మినవాడు చెప్పాడు. దారిలో ఎవరైనా కొట్టేస్తే? అందుకని డిస్కుకు ఇనుప పెట్టె చేయించి, కంప్యూటర్‌కు తగిలించిన వైరు తగిలించినట్టే ఉంచి, గొలుసుతో మేజాకు కట్టి తాళం వేశాడు.

“కుక్కలా కట్టేశావేంటి మరిదీ? మొరుగుతుందా?” అంది వదిన.

“నవ్వండి వదినా, నవ్వండి. పోయాక తెలుస్తుంది.”

ఒక ఉదయం ఆయనకో మెయిల్ వచ్చింది. మీ దగ్గర పనిచేసేవాళ్లే మీ ఫోటోలు బయట అమ్ముకుంటున్నారు, ఆధారాలు ఈ ఫైల్లో చూడండి అని. పంపిందెవరో తెలియదు. గుమ్మం తొక్కిన ప్రతివాణ్నీ ఎగాదిగా చూసే మనిషి, ఆ మెయిల్‌ను మాత్రం ఎవరు నువ్వని అడగలేదు. తన మనసులో మాటే కదా అది! వదిన లోపలి గదిలో ఉండగా ఫైలు తెరిచాడు. ఏమీ కనబడలేదు. ‘ఆధారాలు కూడా వదిన మాయం చేసేసిందన్నమాట’ అనుకున్నాడు.

భోంచేసి వచ్చేసరికి ఒక్క ఫోటో తెరుచుకోలేదు. తెరమీద ఒకే మాట: డబ్బు పంపితేనే మీ ఫోటోలు విడిపిస్తాం.

“ఎవరితో చేతులు కలిపారు వదినా?”

“ఏంటి మరిదీ ఆ మాట?”

“నేను లేనప్పుడు దీని ముందు కూర్చున్నది మీరేగా!”

“కూర్చోక? నిలబడి చేస్తారా ఆ పని?”

ఆమె లేచింది. కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంది. సగం తాగిన టీ పారబోసి, గ్లాసు కడిగి బోర్లించింది. “కష్టంలో అన్నం పెట్టినవాడివి. అందుకే ఊరుకుంటున్నా” అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చి కాసేపు చూశాడు. “పొద్దున కొత్తగా ఏదైనా తెరిచారా గురువుగారూ?”

తాళంకప్ప కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆ మెయిల్ చూపించాడు.

“దొంగ ఇక్కణ్నుంచే వచ్చాడు. ఇలాంటివి ఒకేసారి వేలమందికి పంపుతారు. మీ దగ్గర ఎవరు పనిచేస్తారో వాళ్లకేం తెలుసు?”

“పోనీలెండి, డిస్కులో నకలుంది.”

ఆయన గొలుసు వంక, వైరు వంక చూశాడు. “ఎప్పుడూ తగిలించే ఉంచుతారా? అయితే ఆ వైరు వెంట దొంగ అందులోకీ దూరాడు, అవీ పోయినట్టే. ఊడదీసి దాచుకుని ఉంటే దక్కేవి.”

“మరి డబ్బు పంపితే?”

“పంపకండి. దొంగమాటకు పూచీ ఎవరు? పోలీసులకు చెప్పండి.”

సాయంత్రం తాళంకప్ప వదిన ఇంటికి వెళ్లాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“తప్పు నాది వదినా. దాన్ని తెరిచింది నేనే.”

“తెరిచేముందు నన్నొక్క మాట అడక్కపోయావా?”

“అనుమానం మీ మీదే కదా. మిమ్మల్నెలా అడుగుతాను?”

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మంచినీళ్లిచ్చి, ఆయన తాగేదాకా ఆగింది.

“రేపు వస్తాను. కానీ ఫోటోల కోసం వచ్చేవాళ్లు నా వంక అదోలా చూడకూడదు. జరిగింది నీ నోటితోనే చెప్పాలి.”

మర్నాడు మొదట వచ్చింది ఒక పెళ్లికూతురి తండ్రి. “మా దగ్గర ఎవరో...” అని మొదలుపెట్టాడు తాళంకప్ప. వదిన తలెత్తి చూసింది.

“ఎవరో కాదండీ, నేనే. ముక్కూమొహం తెలియనివాడి మాట నమ్మాను, ఇంటి మనిషిని నమ్మలేదు. మీ పిల్ల పెళ్లి ఫోటోలు నా చేతుల్లోనే పోయాయి.”

“ఒక్కటీ మిగల్లేదా?” అన్నాడు ఆ తండ్రి. వదిన లేచి ఇద్దరికీ కుర్చీలు జరిపింది.