కస్తూరి చెప్పిన డెమో క్లాసు

ముందు ఒక మాట. కస్తూరి చనిపోలేదు. తిరుపతిలో మా శిక్షణ కేంద్రం గురించి "చనిపోయినామె ఆన్‌లైన్లో వచ్చి పాఠం చెప్పిందంట" అని ఊరంతా చెప్పుకుంటున్నారే, అది శుద్ధ అబద్ధం. ఆమె నగరిలో నిక్షేపంగా ఉంది. లేనిదల్లా ఆమెకు రావలసిన ఉద్యోగం. దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నమ్మనిదాన్ని కాబట్టే నాకింత మంట.

టైలరింగ్ టీచర్లు కాబోయే ఆడవాళ్లకు, ఎలా నేర్పాలో నేర్పడం నా పని. కొందరు హాల్లో కూర్చుంటారు, కొందరు ఇళ్ల నుంచి ఫోన్లో చేరతారు. ఫోన్లో ఉన్నవాళ్లను హాల్లోవాళ్లు మరిచిపోతారు. అందుకని ఆన్‌లైన్లో మాట్లాడే మనిషికీ ఒక కుర్చీ వేయించి, ల్యాప్‌టాప్ అందులో పెట్టిస్తాను. మనిషిని చూసినట్టే దాన్ని చూసి జవాబివ్వాలి. ఈ పద్ధతికి నవ్వినవాళ్లున్నారు. నవ్వుకోనీ.

ఆ ఉదయం కస్తూరి డెమో క్లాసు. పాసైతే నగరిలోనే టీచరు ఉద్యోగం. మగ్గం పని తగ్గిపోయిన ఆ ఇంటికి అదే ఆధారం. సమయానికే చేరింది. నెట్‌వర్క్ సరిగా లేదని వీడియో ఆపేసి మాట్లాడింది. జాకెట్టు వీపు భాగం కత్తిరింపు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడుగుతూ చకచకా చెప్పింది. తప్పులు పట్టకుండా వినడం నాకు రాదు. ఆ రోజు విన్నాను.

హాల్లోవాళ్లలో సుభాషిణి ఆలస్యంగా వచ్చి, చోటు లేక, ల్యాప్‌టాప్ వెనకున్న బల్ల దగ్గర నిలబడి కత్తిరిస్తోంది. కెమెరా ఇటు, ఆమె అటు. ఉన్నట్టుండి కస్తూరి గొంతు:

"సుభాషిణక్కా, ఏందది! మడత పక్క కత్తెర పెడ్తా ఉండావే! వీపు రెండు ముక్కలైపోతాది, తియ్యి!"

సుభాషిణి ఉలిక్కిపడింది. కత్తెర నిజంగానే మడత మీద ఉంది. "నీకు కండ్లు యాడుండాయే తల్లీ!" అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వి, పాస్ మార్కులు వేశాను.

మధ్యాహ్నం కస్తూరి తమ్ముడు ఫోన్ చేశాడు. నెట్ బాగుంటుందని తెల్లవారుతూనే పుత్తూరు బయలుదేరారట. బస్సు దిగుతూ పడి అక్కకు చెయ్యి విరిగింది, ఫోను చక్రం కింద నలిగింది. పొద్దుటి నుంచీ అక్కడే ఆసుపత్రిలో కట్టు కట్టిస్తున్నారట. డెమో పోయిందని ఒకటే ఏడుస్తోందట.

"ఏమప్పా, ఎగతాళా? మీ అక్క పొద్దున క్లాసు చెప్పింది కదా!" అని అరిచాను. అతను ఫోను ఆమెకిచ్చాడు. నేను నోరు తెరవకముందే అడిగింది:

"మేడం, సుభాషిణక్క గుడ్డ తెగిపోలేదు కదా?"

నీకెలా తెలుసన్నాను. నొప్పికి కళ్లు మూసుకుని పాఠం మనసులో చెప్పుకుంటుంటే అలా అగపడిందట. అంతకుమించి తనకూ తెలియదు.

పై ఆఫీసుకు నేనే చెప్పాను. దాచడం నాకు చేతకాదు. అక్కడి సారు "భలే అల్లినారు మేడం" అని నవ్వి, ఇంకెవరితోనో చెప్పించారంటూ డెమో రద్దు చేశాడు. ఇంకెవరో అయితే ల్యాప్‌టాప్ వెనకున్నది ఎలా చూశారంటే మళ్లీ నవ్వాడు. చెయ్యి నయమయ్యాక మళ్లీ పెట్టమంటే, బ్యాచ్ ముగిసిందట.

వివరణ నా దగ్గరా లేదు. ఎన్ని విధాల ఆలోచించినా చిక్కలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ క్లాసులో కూర్చున్న అందరికీ హాజరు వేశారు, సర్టిఫికెట్లిచ్చారు. సారూ, విన్నవాళ్లకు జరిగిన క్లాసు, చెప్పినామెకు ఎలా జరగలేదు?