మాన్యువల్‌లో మరిచిన స్విచ్

పాముల గది తడిసి ముద్దయిన సాయంత్రం నా భార్య అడిగిన ప్రశ్నకు నేను "కావచ్చు" అన్నాను. కాదని నాకు తెలుసు. రెండేళ్లుగా మా ఇంట్లో ఆ మాటే నిజమన్నట్టు చెలామణీ అయింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మెదక్‌లో నాది చేలకు డ్రిప్పు, స్ప్రింక్లర్లు బిగించే పని. పాములు మా అమ్మాయివి. రెండు బోవాలు, విషం లేనివి. అటవీశాఖలో నమోదు చేయించి, కాగితాలతో సహా పెంచుకుంటోంది. వెలుగు పడితే వాటి ఒంటి మీద ఇంద్రధనుస్సు రంగులు పారతాయి. గాలిలో తేమ తగ్గితే మాత్రం కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి వారానికోసారి రావడం మొదలయ్యాక, తేమ చూసే పని నా భార్య మీద పడింది. పామంటేనే హడలిపోయే మనిషి, ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసా పట్టుకుని, మొదట్లో కళ్లు మూసుకుని చల్లేది. నెల తిరిగేసరికి, "ఏం బిడ్డా, ఉక్కపోస్తుందా? ఆగు, గిప్పుడే వానొస్తది" అని వాటితో ముచ్చట పెడుతోంది!

ఆమెకు పని తప్పించడానికని చెప్పాను గానీ, నీళ్లను మంచులా చిమ్మే యంత్రం బిగించాలన్న మోజు నాదే. తాగునీటి ఫిల్టర్లలో ఉండే చిన్న పంపు, పెన్సిల్ కంటే సన్నని పైపు, నాలుగు నాజిళ్లు, సెకన్ల లెక్కన నడిచే టైమర్. బోరు నీళ్లయితే సున్నం పట్టి నాజిళ్లు పూడుకుపోతాయి, అందుకని ఫిల్టర్ నీళ్ల క్యాన్. పాములను గుడ్డ సంచుల్లోకి మార్చి, అద్దాల పెట్టెల మూతలకు రంధ్రాలు వేశాను. ఎకరాలకు ఎకరాలు తడిపిన వాణ్ణి, రెండు పెట్టెల ముందు చిన్నపిల్లాడిలా గొంతుక్కూర్చున్నాను. స్విచ్ వేయగానే నాజిళ్లు నాలుగు చుక్కలు ఉమ్మి, సుయ్యిమని తెల్లటి మంచు వదిలాయి.

"ఏమే, జర ఇటు రా! మంచు! సూడు, మంచు!"

"మస్తుంది గాని, గట్ల అరుస్తవేందయ్యా? అవి బెదురుతయి. ఇగ వాటికి నాతోని పని లేదన్నట్టేనా?" అంది.

పని లేకపోయినా రోజూ పొద్దున ఆ గది తుడిచి, అద్దాలు తుడిచి, వాటిని పలకరించేది.

ఆ శనివారం కూడా గది తుడిచి, ఎల్దుర్తిలో ఉన్న చెల్లెలింటికి బస్సెక్కింది. ఆమె వెళ్లాక పక్కింటి టీచరు సారును పిలిచాను. "సారూ, ఒక్క నిమిషం రండ్రి, తమాషా చూపిస్త." టైమరు వంతు వచ్చేదాకా ఆగే ఓపిక నాకేది? స్విచ్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పాను. సారు మంచుకు ముఖం పెట్టి, "పాములకు గింత సుఖమా! మా ఇంట్ల సుత బిగించు, కూలర్ అమ్మేస్త" అని నవ్వాడు. అంతలో కౌడిపల్లి రైతు ఫోన్: పైపు పగిలిందట. పరుగెత్తాను. స్విచ్ మాన్యువల్‌లోనే ఉండిపోయింది; అలా ఉంటే మంచు తనంతట తాను ఆగదు.

సాయంత్రం నేను వచ్చేసరికి తల్లీకూతుళ్లిద్దరూ ఇంట్లో ఉన్నారు. క్యాన్ ఖాళీ. పెట్టెల్లో నీళ్లు నిలిచాయి, వెచ్చదనమిచ్చే పలక తడిసి ఆగిపోయింది. ఒక పాము తల పైకెత్తి, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. అమ్మాయి దాన్ని తువ్వాలులో చుడుతోంది.

"పొద్దుగాల బస్సు తొందరల తుడుస్తుంటే బట్ట తాకి స్విచ్ తిరిగిందేమో," అంది నా భార్య. "నా వల్లనే అయిందా?"

అమ్మాయి నా వైపు చూసింది.

"కావచ్చు," అన్నాను.

దాని ఊపిరితిత్తులకు సోకింది. చాలా రోజులు సూదులు వేయించాక బతికి బట్టకట్టింది. "పోనీలే అమ్మా," అని అమ్మాయి రెండు పాములనూ హైదరాబాద్ తీసుకెళ్లింది. అవి లేని ఆ గదిలోకి కూడా నా భార్య మళ్లీ అడుగు పెట్టలేదు. చీపురు నాకే ఇచ్చేది.

కిందటి నెల అమ్మాయి ఇంటి నుంచే పని చేయడానికి వచ్చేసింది, పాములతో సహా. మళ్లీ డ్రిల్లు తీశాను. అదే హుషారు, ఇంకా ఎక్కువే. ఈసారి పెట్టెల అడుగున నీళ్లు పోయే దారి పెట్టాను. వేలు తీయగానే ఆగిపోయే బటన్ బిగించాను. మంచు కురిసింది. పాము మెల్లగా తల ఎత్తితే దాని వీపు మీద నీలం, ఆకుపచ్చ, వంకాయ రంగు పరుగులు పెట్టాయి. అమ్మాయి చప్పట్లు కొట్టింది. "అమ్మా, రా! నువ్వొచ్చి బటన్ నొక్కు!"

నా భార్య గడప అవతలే నిలబడింది. "వద్దు బిడ్డా. నా చెయ్యి తాకితే మళ్ల ఏమైతదో."

ఇక నా నోరు ఆగలేదు.

"నీ చెయ్యి తాకలేదే. నువ్వు బస్సెక్కినంక సారుకు చూపియ్యనీకి నేనే తిప్పిన. మళ్ల ఆటోల పెట్టుడు మరిచిన. నువ్వడిగినప్పుడు నాకెరుకే. బిడ్డ ముంగట నా పనితనం పోతదని నీ మీదికి నెట్టిన. తప్పు నాది. ఇద్దరూ నన్ను మాఫ్ చేయుండ్రి."