ఆరో గది పచ్చదీపం

ఆ వృద్ధుల గృహంలో పెద్దక్కని ఎరగనివాళ్లు లేరు. పందొమ్మిదేళ్లుగా అక్కడ ఆయా. అసలు పేరు ఆవిడే మరిచిపోయిందని తోటివాళ్లు ఆటపట్టించేవారు. ఎవరు ఏ వేళకి లేస్తారో ఆవిడకి కంఠతా వచ్చు. అయినా గంటకోసారి గదిగదికీ వెళ్లి తొంగిచూసేది.

పరుపుల కింద సెన్సర్ పట్టాలు పరిచాక ఆ అలవాటుకి నీళ్లొదిలేసింది. మనిషి మంచంమీదుంటే కౌంటర్ దగ్గర బోర్డుమీద ఆ గది దీపం పచ్చగా ఉంటుంది. లేస్తే ఎర్రబడి గంట మోగుతుంది. బాగానే ఉంది, కాదనం. కానీ స్నానానికి లేపినా మోత, దుప్పటి మార్చినా మోత. మోగిన ప్రతిసారీ సూపర్‌వైజరుకి సంజాయిషీ చెప్పుకోవాలి. పదకొండు గదులు, ఇద్దరు ఆయాలు. ప్రాణం విసిగి ఓ ఉపాయం కనిపెట్టారు. మనిషిని లేపేముందు పరుపుమీద రెండు సబ్బుపొడి సంచులు పడేసేవారు. యంత్రానికి బరువే తెలుసు గానీ మనిషి తెలియదు కదా. పనయ్యాక సంచులు తీసేసేవారు.

ఆ రోజు రెండో ఆయా సెలవు. మధ్యాహ్నం రెండింటికి ఆరో గది లెక్కల మాస్టారికి స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి తల తుడుస్తోంది పెద్దక్క. యాభై ఆరేళ్ల ఆవిడని "అమ్మాయ్" అని పిలిచే మనిషి లోకంలో ఆయనొక్కరే మిగిలారు. ఇంతలో తొమ్మిదో గది గంట మోగింది.

"ఇప్పుడే వస్తా మాస్టారూ. కదలకండేం."

"నేనెక్కడికి పోతానమ్మాయ్? వెళ్లిరా."

తొమ్మిదో గదిలో ముసలావిడకి వాంతులు. ఆ తర్వాత ఇంకో గది, ఇంకో గంట. మాస్టారు గుర్తొచ్చినప్పుడల్లా బోర్డుకేసి చూసింది. పచ్చగా ఉంది. ఆయనే మెల్లగా వెళ్లి పడుకున్నారులే అనుకుంది. మూడుసార్లు చూసింది. సంచుల సంగతి ఒక్కసారీ తట్టలేదు.

నాలుగింటికి టీ తీసుకెళ్తే, మాస్టారు కుర్చీకీ మంచానికీ మధ్య నేలమీద ఉన్నారు. ఒళ్లు చల్లగా ఉంది. ఊపిరుంది గానీ మాటలేదు. తను సగంలో వదిలేసిన తల ఆరిపోయి ఉంది. మంచంమీద సంచులు. ఆవిడ చేతులు వాటంతటవే సంచులు లాగి మంచం కిందికి తోశాయి. అప్పుడు మోగింది గంట. అందరూ పరుగెత్తుకొచ్చారు.

సాయంత్రం ఆస్పత్రిలో మాస్టారు పోయారు.

"నాలుగింటిదాకా మంచంమీదే ఉన్నారండి. లేచిన నిమిషంలో మా ఆయా అక్కడుంది" అని మేనేజరు మాస్టారి కూతురికి కంప్యూటర్లో చూపించాడు.

ఆ అమ్మాయి పెద్దక్క చేతులు పట్టుకుంది. "నాన్న ఒంటరిగా ఎంతసేపు పడున్నారోనని గుండె తరుక్కుపోయిందక్కా. మీ నోటితో ఒక్కసారి చెప్పండి. ఎక్కువసేపు కాదు కదా?"

పెద్దక్క "కాదమ్మా. అప్పుడే" అంది.

ఆ అమ్మాయి ఆవిడ భుజంమీద తలపెట్టి ఏడ్చి, కాస్త తేలికపడి వెళ్లిపోయింది. ఆ రెండు గంటల్లో మాస్టారు తనని ఎన్నిసార్లు "అమ్మాయ్" అని పిలిచి ఉంటారోనని పెద్దక్క ఇప్పటికీ కుమిలిపోతూనే ఉంది.