సలహాల మేడం, వరికోత మిషను

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు, వాట్సాప్ వచ్చాకే. కానీ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఎవరికైనా వెనకటి యుగంలాగే ఉంటుందేమో, అప్పటి నన్ను తలచుకుంటే ఎవరో దూరపు చుట్టాల అమ్మాయి గుర్తొచ్చినట్టుంటుంది. వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరరుగా చేరాను. (గెస్టు అంటే చుట్టమే కానీ, మర్యాద మాత్రం ఇంటల్లుడికి చేసేది కాదు.) మా దగ్గర చేరేవాళ్లు ఎక్కువ, పట్టా పుచ్చుకుని వెళ్లేవాళ్లు తక్కువ. అందుకని ఒక్కో లెక్చరరుకు కొందరు పిల్లల్ని అప్పగించి, సలహాలిచ్చి ఒడ్డెక్కించమన్నారు. "నువ్వు వయసుల ఉన్నవు, మాట చురుకు. జర గట్టిగ చెప్పు బిడ్డా, వింటరు," అన్నారు ప్రిన్సిపాల్ సారు. ఆ మాటను నేను నిజంగానే నమ్మాను. అక్కడే వచ్చింది చిక్కు.

వెంటనే వాట్సాప్ గ్రూపు పెట్టాను. అడ్మిషన్ కాగితాల మీదున్న నంబర్లన్నీ ఎక్కించాక తెలిసింది, అవి పిల్లలవి కావు, వాళ్ల నాన్నలవి. కాలేజీలో చేరేనాటికి చాలా ఇళ్లలో ఉన్నది ఒకటే ఫోను, అది తండ్రి జేబులో. పోనీలే, పెద్దలకు చెబితే పిల్లలకు చేరదా అనుకుని రోజూ పొద్దున్నే క్రమశిక్షణ మీద, లక్ష్యం మీద బారెడు బారెడు రాసేదాన్ని. జవాబుగా దండాలు వచ్చేవి. కొన్నాళ్లకు దండాల వెనకాలే పనులు రావడం మొదలైంది. "మేడం, మోటరు కాలింది, వనపర్తిల మంచిగ చేసెటోళ్లు ఎవరున్నరు?" అని ఒకాయన. "కాలువకు నీళ్లు ఎప్పుడిడుస్తరు?" అని ఇంకొకాయన. (కాలువలోకి నీళ్లెత్తిపోసే లిఫ్టు మీట నా చేతిలోనే ఉన్నట్టు.) ఒకరోజు సమయపాలన మీద నేను రాసినదాని కిందే ఒక బర్రె ఫోటో వచ్చింది, రెండో ఈత, పాలు పిండి చూసుకుని తీసుకోవచ్చని. నాకు ఒళ్లు మండింది. "ఇది చదువుల గ్రూపు. ఇక్కడ బర్రెలు పెట్టొద్దు," అని రాశాను. ఆయన "సరే మేడం" అన్నాడు. దాని కిందే మరొకాయన బర్రె ధర అడిగాడు.

నాకు అప్పగించిన పిల్లల్లో పెద్దమందడి వైపు అబ్బాయి ఒకడున్నాడు. వరికోత మిషను నడపడంలో ఎంత పేరంటే, అసలు పేరు పోయి 'మిషను' అనే పేరే నిలిచింది. అన్ని పరీక్షలూ గట్టెక్కి ఒక్క ఎకనామిక్స్ మిగిలింది. పాత సిలబస్ మీద ఆ వేసవిలో పెట్టేదే ఆఖరి పరీక్ష. అది తప్పితే చదివిన చదువంతా ఉట్టిదే. వాణ్ని కూర్చోబెట్టి గంటలు గంటలు చెప్పాను. వాడు తలూపేవాడు. అంత శ్రద్ధగా తలూపే మనిషిని నేను మళ్లీ చూడలేదు. తీరా పరీక్ష రోజు పొద్దెక్కినా వాడి జాడ లేదు. పరీక్షేమో మధ్యాహ్నం. ఫోను మోగుతోంది, ఎత్తడు. వాళ్ల నాన్నకు చేస్తే, "పరీక్షకే పోతున్న అని మొన్ననే పోయిండు గద మేడం," అన్నాడు పాపం.

వాడి ఫోటో గ్రూపులో పెట్టి, "ఈ అబ్బాయి ఎక్కడున్నాడో ఎవరికైనా తెలుసా?" అని రాశాను. అంతే, పిల్లాడు ఇల్లు విడిచి పారిపోయాడనుకున్నారు. "దేవుని దయతోని దొరుకుతడు," అని ఒకరు, "అంగి ఏం రంగు?" అని ఒకరు, "ఒక్కడే పోయిండా, ఎవరినన్న తీస్కపోయిండా?" అని ఇంకొకరు. నేను తల పట్టుకు కూర్చున్నాను. ఇంతలో బిజినేపల్లి నుంచి ఒక పెద్దాయన ఫోను చేశాడు. వాళ్లమ్మాయి కూడా మా కాలేజీయే.

"మేడం, గీ పిలగాడు మా చేన్లనే ఉన్నడు. వరి కోస్తుండు."

"వెంటనే పంపించండి పెద్దయ్యా, మధ్యాహ్నం వాడికి పరీక్ష ఉంది."

"ఎట్ల పంపాలె బిడ్డా? మబ్బు కమ్మింది. ఇంగ సగం చేను ఉన్నది."

"ఈ పరీక్ష పోతే వాడికి మళ్లీ రాదు."

"వడ్లు తడిస్తే నాకు మళ్లొస్తయా?"

ఊరందరికీ సలహాలు చెప్పిన నేను, "మరేం చేద్దాం పెద్దయ్యా?" అని ఆయన్నే సలహా అడిగాను. ఆయన ఫోను పెట్టేయలేదు. మిషను రొద మధ్యనే, "మిషను నడిపెటోడు దగ్గర్ల ఎవడన్న ఉన్నడేమో, గ్రూపుల అడుగు మేడం," అన్నాడు. అడిగాను. బర్రె ధర అడిగినాయన, "నాకొస్తది. పక్కూర్లనే ఉన్న, పోత," అని పెట్టాడు. ఆయన వచ్చేదాకా ఆగితే పరీక్షకు అందదని, పెద్దాయన మిషను ఆపించి, సగం చేను అట్లాగే వదిలి, పిల్లాణ్ని మోటారుసైకిలు వెనక ఎక్కించుకుని బయల్దేరాడు.

గంట కొడుతుండగా దిగారు. వాడి జుట్టు నిండా పొట్టు, ఒళ్లంతా దుమ్ము. "ఏందయ్యా, కాలేజీకొచ్చినవా, కల్లానికొచ్చినవా?" అన్నాడు తలుపు దగ్గరి సారు. నేను ఆఫీసులోంచి తెచ్చి ఉంచిన హాల్ టికెట్ వాడి చేతిలో పెట్టి లోపలికి తోశాను. వాడు ఒక చేత్తో రాస్తూ, ఇంకో చేత్తో వీపు గోక్కుంటూ మూడు గంటలూ కూర్చున్నాడు. పెద్దాయన మంచినీళ్లయినా తాగకుండా వెనక్కి మళ్లాడు. ఆయన చేను చేరకముందే వాన దిగింది. పక్కూరాయన కోయగలిగినంత కోశాడు కానీ, చివరి మడి తడిసిపోయింది. మర్నాడు పెద్దాయన రోడ్డు మీద ఎండబోసిన వడ్ల ఫోటో గ్రూపులో పెట్టి, "పిలగాడు మంచిగ రాసిండా?" అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది.

పాసయ్యాడు. మార్కుల మెమో కోసం వచ్చినప్పుడు, నా మాటలేవో పనిచేశాయన్న ఆశతో, "నేను చెప్పినవాటిలో ఏవి గుర్తున్నాయిరా?" అని అడిగాను. వాడు తల గోక్కున్నాడు. "మస్తుగ చెప్పిండ్రు మేడం, గని యాదికి లేవు. ఆ దినం బండి మీద పెద్దాయన ఒక్కటే మాటన్నడు. 'నువ్వు ఫెయిలైతే నా వడ్లకు నేనేం జవాబు చెప్పాలె' అన్నడు. గందుకే రాసిన."

నిజం చెప్పొద్దూ, ఆ పూట నేను కాస్త చిన్నబుచ్చుకున్నాను. అన్ని ఉపన్యాసాలిచ్చిన నన్ను వదిలి, ఒక్క మాటన్న పెద్దాయనకు పేరు కట్టబెట్టాడని సాయంత్రందాకా మూతి ముడుచుకునే ఉన్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ చిన్న మేడం మీద జాలి కూడా వేస్తుంది. తన పిల్లవాడు పాసైన రోజున, పాపం, సంతోషపడటం మానేసి అలిగి కూర్చుంది.