సుగుణ మేడం, బంతిపూల నీళ్లు

చందానగర్ మార్కెట్‌లో పొద్దున్నే బంతిపూల బస్తాలు విప్పుతారు. ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలితే చాలు, ఆఫీసుకు వెళ్లాల్సిన మనిషినన్న సంగతే మరిచిపోతాను. ఆటోల హారన్లు ఎక్కడో దూరంగా మోగుతున్నట్టుంటాయి. కళ్ల ముందు పసుపుపచ్చని మసక పరుచుకుంటుంది. అందులోంచి సుగుణ మేడం నడిచి వస్తారు, నా ముఖం వైపు కాకుండా భుజం వైపు చూస్తూ.

మొదటి రోజు ఆ చూపు నాకు అసలు నచ్చలేదు. అమలాపురం నుంచి వచ్చి, లింగంపల్లిలో అద్దె గదిలో దిగి, హైటెక్ సిటీ అద్దాల మేడల వెనక ఒక చిన్న ల్యాబ్‌లో తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. మేడం ఆ ల్యాబ్‌కు పెద్ద. పలకరిస్తే పక్కకు చూస్తారేమిటి, ఇంత పొగరా అనుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. కొన్నాళ్లకు ఆవిడే చెప్పారు.

"నీ మొఖం దిక్కు సక్కగ చూస్తే నాకు నీ మొఖమే ఉండదమ్మా. చూపు నడుమ మచ్చ పడ్డది. పక్కకు చూస్తే జర కనవడ్తవు. ఏమనుకోకు."

తెల్లాపూర్‌లో పుట్టి పెరిగిన మనిషి. గేటెడ్ కాలనీలు లేచిన చోట ఒకప్పుడు వాళ్ల బంతితోట ఉండేదట. మా పని కూడా ఆ పూల రంగుతోనే. కంటికి మేలు చేసే రంగు అది, కానీ మహా సుకుమారం. వెలుతురు సోకితే వెలిసిపోతుంది, గాలి తగిలితే చెడిపోతుంది, నీళ్లలో కలవనే కలవదు. అందుకని దాన్ని నూనెలో కరిగించి, ఆ నూనెను కంటికి ఆననంత చిన్న బొట్లుగా చేసి, ఒక్కో బొట్టుకూ పాల ప్రొటీన్‌తో పొర కప్పి, నీళ్లలో తేలేలా చేసేవాళ్లం. తాగిన మనిషి కడుపులోకి చేరేదాకా ఆ పొరే రంగుకు కాపలా. "ఇది తాగితే మీ చూపు తిరిగి రాదాండీ?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "నాది పోయింది పోయిందే. చూపున్నోళ్లకు నిలవాలె గద," అన్నారు మేడం, ఏ బాధా లేకుండా.

మధ్యాహ్నాలు కర్టెన్లు దించి, సీసాలోంచి సన్నని వెలుతురు పంపేవాళ్లం. ఉత్త నీళ్లలో కాంతి నడిచే దారి కనబడదు. మా నీళ్లలో మాత్రం, కిటికీ ఎండలో దుమ్ము మెరిసినట్టు, ఆ దారంతా వెలిగేది. ఆ చీకటి గదిలో మేడం కళ్లు మూసుకుని అడిగేవారు.

"ఎట్లున్నది?"

"బాగుందండి."

"బాగుండుడు రంగు గాదు. జర 'అండి' తగ్గించి, నీ కండ్లకు ఏం కనవడ్తుందో గది చెప్పు."

లేత తేనె రంగు, అంచున పలచన, అడుగున కొంచెం చిక్కన. అలా చెప్పడం మెల్లగా నేర్చుకున్నాను. నేను చెబుతుంటే ఆవిడ ముఖం మీదికి ఆ రంగే పాకుతున్నట్టు అనిపించేది. ఆ గదిలో పొద్దు ఎలా గడిచేదో తెలిసేది కాదు. నా జీవితంలో అంత ప్రశాంతంగా మళ్లీ ఎప్పుడూ పని చేయలేదు.

ఒకరోజు పెద్ద కంపెనీ వాళ్లు చూడడానికి వచ్చారు. వాళ్లకు నచ్చితే ల్యాబ్ నిలుస్తుంది, నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. లేదంటే ఇద్దరం ఇంటికే. వాళ్లు బల్లకు ఆ చివర కూర్చున్నారు. నిలుస్తుందో లేదో చూడడానికి నెలల తరబడి కదపకుండా దాచిన సీసాను అల్మరాలోంచి తీశాను. మెడ దగ్గర సన్నని నారింజ గీత. పొరలు చిట్లి, బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పైకి తేలాయి. ఆ గీత నా పిడికిలి చాటున ఉంది. ఒక్కసారి ఊపితే మళ్లీ కలిసిపోతుంది, ఆ పూటకు ఎవరికీ తెలియదు.

"ఎట్లున్నది?" అన్నారు మేడం, నా పక్కనే నిలబడి.

సీసా బల్ల మీద పెట్టి చెయ్యి తీసేశాను.

"పైన గీత ఉందండి. నారింజ రంగు, గోటి మందం. కింద పలచబడింది."

"విరిగిందా?"

"విరిగిందండి."

ఆవిడ వాళ్ల వైపు తిరిగారు. "విన్నరు గద. ఇది నిలవలేదు. మాకు ఇంకా టైం కావాలె."

వాళ్లు మర్యాదగానే టీ తాగి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. వాళ్ల కారు గేటు దాటగానే నాకు ఏడుపు ఆగలేదు. మేడం తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏడుస్తవేంది? ఇన్నేండ్లల్ల నీ మాటతోని నాకు అద్దం లెక్క కనవడ్డది గియ్యాల్నే."

ల్యాబ్ మూతపడింది. తర్వాత మేడం చూపు పూర్తిగా పోయింది, ఇప్పుడు ఆవిడే లేరు. నేను వేరే కంపెనీలో అలాంటి పనే చేస్తున్నాను. ఫలానా మందు నిలిచింది, ఫలానాది నిలవలేదని చెప్పాల్సింది నేనే. తొందర పెట్టేవాళ్లు చాలామందే ఉంటారు, నాకూ విసుగొస్తుంది. కానీ నోరు తెరిచే ముందు, నా పక్కన ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు ఉంటుంది. ఆ మనిషికి నేను తప్ప వేరే కళ్లు లేవు.